ఎదురింటి సిగ్నలు

మా ఆవిడ నవ్వు వీధి అవతలి నుంచి వినబడడం మొదలై అప్పటికి మూడు వారాలు.

సోమ, బుధ, శుక్రవారాల్లో మూడు కాగానే బయలుదేరేది. చేతిలో ఊలు సంచి, చంకలో టాబ్. మెట్లు దిగి, రోడ్డు దాటి, ఎదురింటి లెక్కల మాస్టారి గేటు తీసేది. ఆ గేటు ఎన్నో ఏళ్ళుగా కిర్రుమనేది. ఆవిడ వెళ్ళడం మొదలుపెట్టిన రెండో రోజుకే దానికి నూనె పడింది. ఎవరికోసం పడిందో నాకు తెలియదా? నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. పేపరు చేతిలో ఉండేది. చదివేవాణ్ణి కాదు.

ఆవిడ వెళ్ళేది క్లాసు చెప్పడానికి. ఊలు అల్లిక ఆవిడకు చిన్నప్పటి నుంచి వచ్చు. కొక్కెం సూది చేతికి దొరికితే అన్నం మాట కూడా మరిచిపోతుంది. నిరుడు మా అమ్మాయి ఒక టాబ్ తెచ్చిచ్చి, "అమ్మా, అల్లినవన్నీ ఊరికే పంచిపెట్టే బదులు నలుగురికి నేర్పు" అని చెప్పి, అది ఎలా నొక్కాలో చూపించి వెళ్ళింది. నలుగురు కాస్తా పదకొండు మంది అయ్యారు. ఒకావిడ నర్సు. ఒకావిడ బస్సు నడుపుతుంది. ఒక అత్తాకోడళ్ళున్నారు, ఒకే బల్ల ముందు కూర్చుని ఒకే స్వెట్టరు అల్లుతూ కొట్టుకుంటారు. తక్కినవాళ్ళ ముఖాలు నాకు తెలియవు. గొంతులు తెలుసు.

ఎందుకంటే మొదట్లో క్లాసు మా ముందుగదిలోనే జరిగేది. ఆ గంటన్నరా నేను వెనక వరండాలో పడక్కుర్చీలో పడుకుని వినేవాణ్ణి. "కొక్కెం లోపలికి. దారం చుట్టు. బయటికి లాగు. అంతే తల్లీ, వచ్చేసింది." ఆ గొంతు ఆవిడ ఇంకెక్కడా వాడదు. నాకు అది వినడం అలవాటయింది. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. ఇలాంటివి చెప్పే అలవాటు నాకు లేదు.

తరవాత నెట్ చెడింది. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ తెరమీద నోరు తెరిచి బొమ్మలా నిలబడిపోయేది. "టీచరుగారూ, ఆగిపోయారు" అని పదకొండు గొంతులు. కాసేపటికి కదిలితే మాట ఒకచోట, నోరు ఒకచోట. ఒక బుధవారం మెడ వదిలే చోట సరిగ్గా ఆగింది. ఇవతల ఆవిడ "ఇక్కడ కుట్లు వదలండి" అంటూనే ఉంది. అవతల వాళ్ళకు "కుట్లు" దాకానే వినబడింది. పదకొండు మందీ కుట్లు వేసుకుంటూ పోయారు. స్వెట్టర్లన్నిటికీ మెడ మూసుకుపోయింది.

ఆ రోజు మా ఆవిడ సూదులన్నీ డబ్బాలో పడేసి మూత పెట్టింది. "ఇక మానేస్తాను. అందరిముందూ నవ్వులపాలవడం నావల్ల కాదు" అంది. నేను ఏదో అనాలి. ఏమనాలో తోచేలోపు ఎదురింటి మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అతని గురించి చెప్పాలంటే ముందు అతని చొక్కా గురించి చెప్పాలి. రిటైరై ఎన్నాళ్ళయిందో, ఇప్పటికీ ఇంట్లో ఇస్త్రీ చొక్కా వేసుకునే ఉంటాడు. జేబులో రెండు పెన్నులు. భార్య పోయి ఆరేళ్ళు. మాటలంటే పిచ్చి. పాలవాడు కనబడినా పావుగంట ఆపుతాడు. 

"ఏం టీచరుగారూ, ఇవాళ మధ్యలో క్లాసు ఆగిపోయినట్టుందే?" అన్నాడు.

టీచరుగారూ! నలభై మూడేళ్ళ కాపురంలో నేను ఆవిణ్ణి "ఇదిగో" అనే పిలిచాను. ఆవిడ పలికింది. ఎవరికీ లోటు కనబడలేదు. ఇప్పుడు అతని నోట ఆ మాట పడేసరికి మా ఆవిడ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. చూశాను.

"నెట్ రావడం లేదు మాస్టారూ."

అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. గోడమీది మోడెం డబ్బా ముందు నిలబడి, జేబులోంచి పెన్ను తీసి దానివైపు చూపించాడు, బోర్డుమీద లెక్క చెబుతున్నట్టు. "మేస్త్రీగారూ, ఇది మరీ పాతదైపోయింది. ఇది మార్చేయండి చాలు. అందాకా టీచరుగారు మా ఇంట్లో చెప్పుకోవచ్చు. మా ఇంట్లో నెట్ పరుగెడుతుంది."

అతను చెప్పింది తప్పని నాకనిపించలేదు. ఒప్పని కూడా అనిపించలేదు. చెప్పింది అతను, అంతే. నా ఇంట్లో నా గోడకున్న డబ్బా ముందు నిలబడి, నా భార్యకు వినబడేలా. నాకు ఒళ్ళు మండింది.

నేను పైపుల మేస్త్రీని. నలభై ఏళ్ళు నీళ్ళ పని చేశాను. ఈ వీధిలో సగం ఇళ్ళకు నీళ్ళు తెచ్చింది నేనే. మా ఇంట్లో ఏ పనికీ బయటి మనిషిని పిలిచింది లేదు. 

నీళ్ళ పనికి ఒక వరస ఉంది. కుళాయిలో ధార సన్నబడితే ముందు ట్యాంకు చూడాలి. తరవాత వాల్వు, తరవాత లైను, తరవాత జాయింట్లు. చివరికి కుళాయి. మీటరు జోలికి మాత్రం పోకూడదు. మీటరు కంపెనీది. దానికి సీలుంటుంది. సీలు తెగితే మేస్త్రీ లైసెన్సు పోయినట్టే. నాతో పనిచేసినవాడికి ఒకడికి నా కళ్ళముందే పోయింది. నలభై ఏళ్ళలో నేను మీటరు మీద చెయ్యి వెయ్యలేదు. దుమ్ము తుడవాల్సి వస్తే కూడా గుడ్డ కొసతో తుడిచేవాణ్ణి.

మా అమ్మాయి నెట్ పెట్టించిన రోజున కంపెనీ మనిషి వచ్చి ఆ మోడెం డబ్బాను గోడకు బిగించి వెళ్ళాడు. పన్నెండేళ్ళ కిందటి మాట. బయటి తీగ దానిలోకి వస్తుంది. దానిలోంచి ఇంట్లోకి పోతుంది. అడుగున వెండిరంగు కాగితం అంటించి ఉంటుంది. చూసిన రోజే నేను దాన్ని మీటరు కింద కట్టేశాను. కంపెనీది, సీలున్నది, ముట్టుకోకూడనిది. అందుకే మార్చమని మాస్టారు అంటే, తెలియనివాడు మీటరు పీకెయ్యమన్నట్టు వినబడింది. లెక్కలు చెప్పేవాడికి లైన్ల సంగతేం తెలుసు, అనుకున్నాను.

అలా ఆవిడ రోడ్డు దాటడం మొదలయింది. వచ్చాక ఒకటే మాస్టారి భజన.

"మాస్టారు గళ్ళకాగితం మీద పువ్వు డిజైను వేసిచ్చారు. ఒక గడికి ఒక కుట్టు. ఎంత సులువైపోయిందో!"

"మాస్టారు అత్తాకోడళ్ళ గొడవ తీర్చారయ్యా. కుడిచెయ్యి కోడలిది, ఎడమచెయ్యి అత్తది అని పంచారు. అందరూ ఒకటే నవ్వు."

"మాస్టారికి షుగరుందట, పాపం."

నేను ఊఁ కొట్టేవాణ్ణి. నాకూ షుగరుంది. నన్ను ఒక్కనాడైనా పాపమందా?

నాలుగో వారం బుధవారం వచ్చి, చెప్పులు విడుస్తూనే అంది. "మాస్టారు పక్కగది ఖాళీ చేస్తున్నారు. గోడకు షెల్ఫు కూడా కొడుతున్నారు. రోజూ ఈ సంచులు మొయ్యలేకపోతున్నానుగా. ఆదివారం ఊలంతా అక్కడికి మార్చేద్దామన్నారు. సోమవారం నుంచి ఇక క్లాసు అక్కడే, ఖాయంగా."

"అంతా?"

"అంతా. రెండు ట్రంకులూ, మంచం కింది సంచులూ. నీకూ విసుగు తగ్గుతుంది. ఎక్కడ కూర్చోబోయినా సూది గుచ్చుకుంటోందని గోల పెడతావుగా?"

అది నిజమే. కుర్చీలో ఊలు, మంచం మీద ఊలు, నా చొక్కాకు ఊలు. ముప్పై ఏళ్ళుగా సణుగుతూనే ఉన్నాను. ఇప్పుడు ఆ ట్రంకులు లేని గది ఎలా ఉంటుందో ఊహించుకోబోతే చేతకాలేదు. సంచి పట్టుకుని వెళ్ళిన మనిషి నాలుగున్నరకు తిరిగొస్తుంది. ట్రంకులతో వెళ్ళిన మనిషి?

"ఏమంటావు?" అంది.

"నీ ఇష్టం."

"నీ ఇష్టమంటే?"

"నీ ఇష్టమనే."

ఆవిడ సంచి తీసుకుని లోపలికి పోయింది.

నాకు ఆదివారం దాకా గడువు. గురువారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. వరస ప్రకారం ముందు ట్యాంకు. నెట్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, ఉన్నవాటిలో పెద్ద ప్లాను కావాలన్నాను. కౌంటరు వెనక మనిషి, "ఇంట్లో ఎంతమంది సార్?" అన్నాడు. "ఇద్దరం" అన్నాను. "ఇద్దరికి ఇంత ఎందుకు సార్?" అన్నాడు. "పెట్టు" అన్నాను. పెట్టాడు.

ఇంటికి వచ్చి చూస్తే ఏమీ మారలేదు. సరే, దీనికి వాల్వు లేదు గనక తరవాతది లైను. శుక్రవారం నిచ్చెన వేసుకుని బయటి పెట్టె దగ్గర నుంచి మా గోడదాకా ఉన్న తీగంతా తీసేసి కొత్తది లాగాను. దానికి కావలసిన కొసలు బిగించే పరికరం కూడా కొత్తగా కొన్నాను. పైపైతేనేం తీగైతేనేం, జాయింటంటే జాయింటే. మా ఆవిడ కింద నిలబడి, "ఆ వయసులో నిచ్చెనెక్కి ఏం చేస్తున్నావయ్యా?" అంది.

"బూజు."

"బయటి గోడకు బూజేమిటి?"

నేను ఇంకో మేకు కొట్టాను. మూడవుతోంది. ఆవిడ సంచి తీసుకుని రోడ్డు దాటింది. నిచ్చెన మీద నుంచి మాస్టారి ముందుగది ఇంకా బాగా కనబడుతుంది. ఆ విషయం నేను ముందు ఆలోచించుకోలేదు. దిగలేదు కూడా.

సాయంత్రం నా ఫోనులో చూసుకున్నాను. ఆవిడ క్లాసులన్నీ రికార్డు అవుతాయి. మా అమ్మాయి వాటిని నా ఫోనులో కూడా వచ్చేట్టు పెట్టింది. ఆ రోజుది నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది. బొమ్మ వచ్చింది. మా ఆవిడ, పక్కన మాస్టారు. సరిచేసివ్వమని ఎవరో పంపిన, మెడ మూసుకుపోయిన ఒక స్వెట్టరును అతను తన గుండెకు ఆనించి పట్టుకున్నాడు. మా ఆవిడ అతనివైపు తిరిగి నవ్వుతోంది. పళ్ళన్నీ కనబడుతున్నాయి. అక్కడ ఆగింది.

ఆగిపోయి అలాగే ఉంది. నేను ఫోను ఊపాను. గది మార్చాను. మోడెం డబ్బా పక్కకే తీసుకెళ్ళి పెట్టాను. చక్రం తిరుగుతూనే ఉంది, వాళ్ళిద్దరూ అలాగే ఉన్నారు. కొత్త లైను, పెద్ద ప్లాను, నలభై ఏళ్ళ పనితనం, అంతా కలిసి నాకు చూపించింది ఆ ఒక్క బొమ్మ. ఫోను బోర్లించి పెట్టాను. మళ్ళీ తిప్పి చూశాను. ఇంకా నవ్వుతోంది.

అప్పుడు, జన్మలో మొదటిసారి, నా ఇంటి పనికి బయటి మనిషిని పిలిచాను.

శనివారం ఉదయం పదింటికి కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. హెల్మెట్టు చంకలో పెట్టుకుని, బూట్లు విప్పి, నేను లాగిన తీగ పొడుగునా చూసుకుంటూ వచ్చింది. మా ఆవిడ అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళింది, సాయంత్రానికి గాని రాదు.

"ఈ లైను ఎవరు లాగారు బాబాయ్?"

"నేనే."

"మా వాళ్ళు కూడా ఇంత శుభ్రంగా లాగరు."

ఆ మాటతో కాస్త ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మోడెం డబ్బాలోకి వచ్చే తీగ ఊడదీసి, తన చేతిలోని పరికరానికి తగిలించింది. "ఇక్కడిదాకా నిండుగా వస్తోంది. చూడండి." మళ్ళీ డబ్బాకు తగిలించి, రెండోవైపు నుంచి చూసింది. "ఇటువైపు పదోవంతు కూడా లేదు."

"మధ్యలో ఏమవుతోంది?"

ఆవిడ డబ్బా మీద తట్టింది. "మధ్యలో ఉన్నది ఇదే కదా."

"అది మీటరు."

"మీటరా?"

నేను చెప్పాను. సీలు సంగతీ, లైసెన్సు పోయినవాడి సంగతీ. ఒక బయటి మనిషితో నేను అంత మాట్లాడి చాలా ఏళ్ళయింది. ఆవిడ నవ్వలేదు. అందుకు ఇప్పటికీ ఆవిడంటే నాకు గౌరవం. కింద చతికిలబడి కూర్చుని చెప్పింది.

"ఇది మీటరు కాదు బాబాయ్. మీరెంత వాడారో ఇది ఎవరికీ చెప్పదు. వచ్చే సిగ్నలును ఇంట్లోకి విప్పి ఇస్తుంది, అంతే. మీ పనిలో చెప్పాలంటే, ఇంత లావు పైపు తీసుకొచ్చి పాతకాలం సన్న కుళాయికి బిగించారు. ఇది తయారైన రోజుల్లో ఇంత వేగం లేనే లేదు. మీరు ఎంత పంపినా ఇది వదిలేది ఇంతే. పైగా వేడెక్కి మధ్యమధ్యలో సొమ్మసిల్లుతోంది. పట్టుకు చూడండి."

పన్నెండేళ్ళకు మొదటిసారి దానిమీద చెయ్యి వేశాను. జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది.

"అడుగున సీలుంది కదా?"

"అది నంబరు కాగితం. ఇది మార్చాలని మీకు ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు."

"ఎవరు?"

"ఎదురింటాయన."

"మరి మార్చలేదేం?"

నేను కిటికీలోంచి చూశాను. ఎదుట మాస్టారు వాకిట్లో రెండు కుర్చీల మీద చెక్క పలకలు పేర్చి రంగు వేస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా మీదే. కంపెనీ ఆవిడ కూడా అటు చూసింది. గోడకున్న మా పెళ్ళి ఫొటో చూసింది. కిటికీ దగ్గరి కుర్చీ చూసింది.

"ఓహో" అంది. మా లైనుకు పనికొచ్చే మోడెం పేరు, నంబరు ఒక చీటీ మీద రాసిచ్చింది. "ఇదే తీసుకోండి. వేరేది తెస్తే మా లైను మీద పలకదు. మీ చేతికి ఇది పది నిమిషాల పని. ఆ మూల కాకుండా గది మధ్య గోడకు, కొంచెం ఎత్తులో పెట్టండి. పెట్టాక కంపెనీకి ఫోను చేసి దాని అడుగునున్న నంబరు చెప్పాలి. అది మరిచిపోకండి." హెల్మెట్టు పెట్టుకుని, గుమ్మంలో ఆగి, "పిన్నిగారు ఎప్పుడొస్తారు?" అంది.

"సాయంత్రం."

"అయితే టైముంది" అంది.

షాపువాడు చీటీ చూడకుండానే ఒక పెద్ద డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. దానికి చుట్టూ కొమ్ములు, ఎనిమిది. "ఇది పెట్టారంటే సార్, మీ వీధి వీధంతా వస్తుంది."

"వీధికక్కర్లేదు" అన్నాను. నాకు కావలసింది వీధికి ఇవతలే ఆగాలి. చీటీ ముందుకు తోశాను.

ఇంటికొచ్చి పాతదాని మరలు విప్పాను. రెండో మర దగ్గర చెయ్యి ఆగింది. మీటరు కాదని తెలుసు, అయినా చేతికి తెలియాలిగా. ఊడి వచ్చింది. గోడమీద దాని మేరకు తెల్లటి చదరం మిగిలింది. చుట్టూ ఉన్న సున్నం ఎంత మాసిందో అప్పుడు తెలిసింది. కొత్తదాన్ని మధ్యగోడకు ఎత్తులో బిగించి, తీగ అక్కడిదాకా పొడిగించి, తగిలించాను. ఒక లైటు ఎర్రగా వెలిగింది. కంపెనీకి ఫోను చేశాను.

"చెప్పండి సార్, ఏం సమస్య?" అంది అవతలి గొంతు.

"డబ్బా మార్చాను."

"సంతోషం సార్. ఇంకేమైనా?"

"ఇంకేం లేదు."

"సార్, నంబరు చెప్పాలి సార్."

చెప్పాను. రెండు అంకెలు అటూ ఇటూ అయితే మళ్ళీ చెప్పించుకుంది. పావుగంటకు ఎర్ర లైటు పచ్చబడింది.

ముందుగా నొక్కింది ఏమిటో చెప్పనక్కర్లేదు. నొక్కీ నొక్కగానే వచ్చింది. మాస్టారు స్వెట్టరు గుండెకు ఆనించుకున్నాడు, మా ఆవిడ నవ్వింది, ఈసారి ఆగలేదు. మాస్టారు మెడలేని స్వెట్టరులోకి తల దూర్చబోయి చిక్కుకుపోయాడు. పదకొండు మందీ పగలబడి నవ్వారు. నిన్న నన్ను చంపిన బొమ్మ రెప్పపాటులో దాటిపోయింది. అబ్బ, అనుకున్నాను.

కానీ ఆగకుండా వచ్చే నెట్‌తో ఒక చిక్కుంది. తరవాతది కూడా చూపిస్తుంది. నవ్వులు తగ్గాక నర్సమ్మ అడిగింది. "టీచరుగారూ, మీ ఇంట్లో వాళ్ళు కూడా ఇలా సాయం చేస్తారా?" మా ఆవిడ సూదిమీద చూపు తిప్పకుండా, "మా ఇంటాయనకు ఇవేం పట్టవమ్మా" అంది. కోపంగా అనలేదు. ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు అంది.

అది మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ స్పష్టంగా వినబడింది.

ఆ సాయంత్రం ఆవిడ అలిసిపోయి వచ్చి పడుకుంది. గోడవైపు చూడలేదు. నేను చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆదివారం తొమ్మిదింటికి మాస్టారు నాలుగు చక్రాల తోపుడు బండి ఒకటి ఎక్కణ్ణుంచో సంపాదించి మా మెట్ల ముందు ఆపాడు. "టీచరుగారూ, బండి సిద్ధం! షెల్ఫు కూడా ఆరిపోయింది!"

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నెట్ వస్తోంది" అన్నాను.

"ఏమిటి మేస్త్రీగారూ?"

"మా ఇంట్లో నెట్ వస్తోంది. ఊలు అక్కర్లేదు."

"ఊలు అక్కర్లేదా?"

"ఊలు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

మా ఆవిడ నా భుజం మీదుగా అతన్ని చూసింది, తరవాత నన్ను చూసింది, తరవాత వెనక్కి తిరిగి గోడను చూసింది. టాబ్ తీసి బస్సావిడకు వీడియో కాల్ కలిపింది. బస్సావిడ తెరమీదికి వస్తూనే కేకేసింది. "టీచరుగారూ! ఎక్కడున్నారు? మీ గడ్డం మీద పుట్టుమచ్చ కూడా కనబడుతోంది! ఇన్నాళ్ళూ నేను చూడనేలేదు!"

మాస్టారు గబగబా లోపలికొచ్చి కొత్త డబ్బా కింద నిలబడ్డాడు. "చెప్పానా లేదా! డబ్బా మార్చండి చాలని నెల కిందటే చెప్పానా లేదా!" అని చప్పట్లు చరిచాడు. నిజంగానే సంతోషించాడు. దానితో నాకు ఇంకా మండింది. కనీసం ఏడవనైనా ఏడవడేం ఈ మనిషి?

అంతలో అతని చూపు బయటి బండిమీద పడింది. చప్పట్లు ఆగిపోయాయి. "అయితే... షెల్ఫు..." అన్నాడు. మా ఆవిడ అతని ముఖం వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను.

"ఒక్క నిమిషం కూర్చోండి మాస్టారూ" అని, నన్ను వంటింట్లోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఆయన చెప్పి నెలయింది. అప్పుడే మారిస్తే ఈ తిరుగుడంతా ఉండేది కాదుగా?"

"అతను చెప్పాడు."

"చెప్పారనేగా నేనూ అంటున్నాను?"

"అతనే చెప్పాడు."

ఆవిడకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అయ్యో రాత! ఈ వయసులోనా?"

"వయసుతో ఏం పని?"

"మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేని ముసలిదాన్ని చూసి కుళ్ళుకున్నావా?"

"రోడ్డు దాటే రోజున బాగానే దిగుతున్నావు."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. గట్టు పట్టుకుని మరీ నవ్వింది. మూడు వారాల పైన మా ఇంట్లో ఆ నవ్వు అదే మొదటిది. అయిందనుకున్నాను. కాలేదు. నవ్వు ఆగాక ఆవిడ ముఖం మారింది.

"నీ కుళ్ళు సరే. క్లాసు ఎలా జరిగిందే అని ఒక్కనాడు అడిగావా నన్ను? ఆయన అడుగుతారు. ప్రతిసారీ అడుగుతారు. పరాయి మనిషి అడిగినమాట సొంత మనిషి అడగకపోతే ఎలా ఉంటుందో నీకు తెలుసా?"

"నేను అడగక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు?"

"వింటున్నాను గనక."

"ఏం విన్నావు నువ్వు?"

ఇక తప్పలేదు. చెప్పాను. "మెడకు ముందువైపు ఇరవై రెండు కుట్లు వదలాలి, రెండు పక్కలా సమానంగా. బస్సావిడ దారం బిగలాగుతుంది, వదులు చెయ్యమని రోజూ చెప్తావు. కోడలు అల్లింది బాగుంటుంది, అత్త తనదని చూపిస్తుంది, నీకు తెలిసీ పైకి అనవు. నర్సమ్మ రాత్రి డ్యూటీ చేసి వచ్చిన రోజున పాఠం పావుగంట ముందే ముగిస్తావు, ఆవిడ సిగ్గుపడకుండా నీకే పనుందని చెప్తావు."

చెప్పడం అయ్యాక నాకు ఆయాసం వచ్చింది.

"వెనక వరండాలోంచా?"

"ఆఁ."

"నిద్రపోతున్నావనుకున్నాను" అంది. నా చొక్కాకు అంటుకున్న ఊలు పీచు ఒకటి తీసి, చేతిలో చుట్టుకుంటూ నిలబడింది. 

నేను గెలిచినట్టేనని అనుకున్నాను. ఆవిడ తలుపు తీస్తూ అంది. "సోమవారం, బుధవారం ఇక్కడ. శుక్రవారం అక్కడ."

"నెట్ వస్తోందిగా?"

"వస్తోంది. ఆ పువ్వుల డిజైన్లు నువ్వు వేస్తావా? పదకొండు మందీ ఆయనకు అలవాటుపడ్డారు. ఆ చేతులకు రంగు ఇంకా పోలేదు, చూశావా? ఆరేళ్ళుగా ఒక్కరే ఆ ఇంట్లో. నువ్వు కుళ్ళుకున్నావని నేను ఆయన ముఖం మీద తలుపు వెయ్యను."

"ఊలు?"

"శుక్రవారానికి సరిపడా మాత్రమే. ట్రంకులు కదలవు."

బయటికి వెళ్ళి మాస్టారికి చెప్పింది. అతను వెంటనే తల ఊపి, "శుక్రవారమైతే ఇంకా మంచిది టీచరుగారూ, వారమంతా ఎదురుచూడొచ్చు" అన్నాడు. ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళాడు. వారమంతా ఎదురుచూస్తాడట! రెండు రోజులు నావి, ఒకటి అతనిది. పైచెయ్యి నాదే. అయినా ఆ ఒక్కటీ పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

సోమవారం, బుధవారం ముందుగదిలో క్లాసు జరిగింది. ఎవరూ ఆగిపోలేదు. బుధవారం నేను కుర్చీ వరండాలోంచి గదిలోకి జరుపుకున్నాను. అయ్యాక, "బాగా జరిగింది" అన్నాను. "అది అడగడం కాదు, చెప్పడం" అంది మా ఆవిడ. "బాగా జరిగిందా?" అన్నాను. "నువ్వు ఇక్కడే ఉన్నావుగా" అంది. ఆడవాళ్ళతో ఎలా వేగాలో నాకు ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం మూడింటికి ఆవిడ సంచి తీసుకుంది. నేను పనిముట్ల సంచి తీసుకున్నాను.

"నువ్వెక్కడికి?"

"మాస్టారి వంటింట్లో కుళాయి కారుతోంది."

"నీకెలా తెలుసు? ఆయన నాకే చెప్పలేదు."

"నీ పాఠం వెనకాల చుక్కచుక్కా వినబడింది, రికార్డింగులో. ఇప్పుడన్నీ వినబడతాయి."

ఆవిడ నవ్వాపుకుంటూ పెదవి బిగబట్టింది. ఇద్దరం కలిసి రోడ్డు దాటాం. గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. మాస్టారు ఎదురొచ్చి, నా సంచి కూడా అందుకోబోయాడు. "మేస్త్రీగారు మా ఇంటికి రావడమే! ఎన్నేళ్ళయింది!"

వాషరు మారిస్తే అయిపోయే పని. నోరు కడుక్కునేంతసేపు పట్టదు. నేను కుళాయి విప్పాను. దాని కింది పైపు చూశాను. దానికి పక్కనున్న వాల్వు చూశాను. సింకు కింద కూర్చుంటే, పక్కగది తలుపులోంచి కొత్త షెల్ఫూ, దానికింద మా ఆవిడా, ఆవిడ పక్కన గళ్ళకాగితంతో మాస్టారూ నేరుగా కనబడతారు. మంచి చోటు. వాల్వు మరీ పాతది. వచ్చేవారం మారుస్తానని చెప్పాను.

అన్నట్టే మరుసటి వారం వాల్వు మార్చాను. ఆ పై శుక్రవారం స్నానాలగది లైను చూశాను. నాలుగో శుక్రవారం నేను మేడమీది ట్యాంకు దగ్గరికి వెళ్ళడానికి నిచ్చెన అడుగుతుంటే, క్లాసు మధ్యలోంచే మా ఆవిడ గొంతు వినబడింది, పదకొండు మందికీ వినబడేంత గట్టిగా.

"ఏమయ్యా! ఒక్క కుళాయికి ఇంకా ఎన్ని శుక్రవారాలు పడుతుంది?"

"పాత ఇల్లు. లైనంతా చూడాలి" అన్నాను.

టాబ్‌లోంచి పదకొండు మందీ ఘొల్లుమన్నారు. మాస్టారు కూడా నవ్వాడు. పాపం, అతనికి దేనికి నవ్వుతున్నాడో తెలియదు. "తొందరేం లేదు మేస్త్రీగారూ, నిదానంగా చూడండి" అన్నాడు.

నేను ట్యాంకు సంగతి వచ్చేవారానికి వాయిదా వేసి, మళ్ళీ సింకు కింద కూర్చున్నాను.